షుక్ర్ నోటితోనే అయిపోదు

ఉర్దూ మీడియంలో చదువుకుని, డిగ్రీకొచ్చి తెలుగు పట్టుకున్నవాణ్ణి. కుడినుంచి ఎడమకి ఒక లిపి, ఎడమనుంచి కుడికి ఇంకొకటి. ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నా, "ఇంతకీ నేనెవరికి పనికొస్తున్నా?" అనే సవాల్ దిల్‌లో గుచ్చుతూనే ఉండేది.

ఇమామ్ గజాలీనీ ఇలాంటి సవాలే కుదిపేసింది. 1095లో ఆయన బగ్దాద్ నిజామియా మదర్సాలో పేరుమోసిన ఉస్తాద్. ఇల్మ్ ఉంది, ఇజ్జత్ ఉంది, సుకూన్ లేదు. పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు, ముద్ద దిగలేదు. చివరికి ఆ కుర్సీ వదిలి వెళ్లిపోయారు. తర్వాత ఫార్సీలో రాసిన 'కీమియా-ఎ-సఆదత్'లో మొదటి పాఠమే తనను తాను తెలుసుకోవడం.

షుక్ర్‌లో మూడున్నాయంటారు ఆయన: ఇల్మ్, హాల్, అమల్. నేమత్ ఇచ్చిందెవరో ఎరగడం, అందుకు దిల్ ఖుష్ కావడం, ఆ నేమత్‌ని ఇచ్చినవాడు మెచ్చే పనిలో పెట్టడం. "అల్హమ్దులిల్లాహ్" అంటే నోటి అమల్ అయింది. చేతుల అమల్ ఇంకా బాకీనే.

మరి నాకు దొరికిన నేమత్ ఏది? ఈ రెండు లిపులే. మా మొహల్లాలో ఉర్దూ తప్ప చదవలేని ఖాలాలున్నారు. పింఛను కాగితం, మున్సిపాలిటీ నోటీసు తెలుగులో వస్తాయి. జుమా నమాజ్ అయ్యాక ఓ గంట కూర్చుని చదివి చెప్తా, అర్జీలు రాసిపెడతా. "జీతే రహో బేటా" అని ఒక ఖాలా తలమీద చెయ్యి పెడితే, నా పేరుతో వార్త అచ్చయినప్పుడు కూడా దొరకని సుకూన్ దొరుకుతుంది.

మీ చేతిలో ఉన్న నేమత్ ఏదో చూసుకోండి. కుట్టుపని కావచ్చు, స్కూటర్ కావచ్చు, ఓపిగ్గా వినే చెవులు కావచ్చు. పక్కింట్లో దాని అవసరం ఉండే ఉంటుంది.