ఊరు అక్కడే... జిల్లాలే మారాయి!

హైదరాబాద్‌ నుంచి ముంబయి హైవే మీద వంద కిలోమీటర్లు వెళితే జహీరాబాద్‌. బస్టాండులో పావుగంట నిలబడితే చాలు... తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ నాలుగూ చెవిన పడతాయి.

ఎందుకలా అంటే 1956కు వెళ్లాలి. అప్పటిదాకా ఇది హైదరాబాద్‌ రాష్ట్రం, బీదర్‌ జిల్లాలో ఓ తాలూకా. నవంబరు 1న భాషల లెక్కన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఆ జిల్లా మూడు ముక్కలైంది. బీదర్‌, భాల్కి, హుమ్నాబాద్‌ మైసూరుకూ. ఉద్గిర్‌, నిలంగా బొంబాయికీ వెళ్లాయి. జహీరాబాద్‌, నారాయణఖేడ్‌ ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్‌ జిల్లాలో కలిశాయి. తాలూకాలకూ కోత తప్పలేదు. బీదర్‌ తాలూకాలోని న్యాల్కల్‌ ఇటొచ్చింది. జహీరాబాద్‌ తాలూకాలోని నిర్ణా అటే ఉండిపోయింది!

2014లో తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. అంటే... 1950లో ఇక్కడ పుట్టినవాళ్లు ఇల్లు కదలకుండానే మూడు రాష్ట్రాలూ మూడు జిల్లాలూ చూశారన్నమాట.

నేలకు మాత్రం ఈ లెక్కలు పట్టవు. ఎర్రమట్టి పీఠభూమి అటూ ఇటూ ఒకటే. జొన్న, కంది, చెరకు, అల్లం పండుతాయి. ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వరుడి దర్శనానికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ భక్తులొస్తారు. ఇప్పటికీ జిల్లా కేంద్రం సంగారెడ్డి కంటే బీదరే దగ్గర. కూతురిని నిర్ణాలో ఇస్తే పండక్కి రావడం ఎంతసేపు! కానీ ఆమె రేషన్‌కార్డు వేరే రాష్ట్రానిది, మనవడు బళ్లో దిద్దే అక్షరాలు వేరు.

1956లో గీసిన గీత నేల మీద కనిపించదు... ఇళ్లలో కనిపిస్తుంది.