రక్తం కనబడితే బ్రష్ ఆపొద్దు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్ల నుంచి నా దగ్గరికి వచ్చే చిగుళ్ల పేషెంట్లు చాలామంది మొదట చెప్పేది ఒకటే మాట: "నొప్పేం లేదు సార్." పుచ్చిన పన్ను రాత్రంతా నిద్రపోనివ్వదు కాబట్టి తెల్లారగానే వస్తారు. చిగుళ్ల జబ్బు అట్లా బాధ పెట్టదు. ఏళ్ల తరబడి పంటి చుట్టూ ఉన్న ఎముకను కరిగించి, పన్ను ఊగడం మొదలయ్యాకే బయటపడుతుంది. నొప్పి లేకపోతే జబ్బు లేదనుకోవడమే మన దగ్గర పండ్లకు పెద్ద శత్రువు.

ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో పనిచేసే యువకుడు వచ్చాడు. "రక్తం వచ్చాందని ఆ పక్క తోమడం మానేసినా సార్" అన్నాడు. నోరు చూస్తే తోమే కుడిపక్క పండ్లు శుభ్రంగా ఉన్నాయి. ఎడమపక్క కింది పండ్ల మొదళ్లలో పసుపుపచ్చ గార గట్టిగా పేరుకుంది. దాని అంచున చిగురు ఎర్రగా ఉబ్బి, పరికరం మొన తగలగానే రక్తం ఊరింది. ఆ రక్తానికి కారణం బ్రష్ కాదు, అక్కడ నిలిచిన పాచి. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే శాస్త్రవేత్త 12 మంది చేత పండ్లు తోమడం మాన్పించి చూశాడు. మూడు వారాల లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గాయి. మా యువకుడికీ గార తీసి మెత్తటి బ్రష్‌తో తోమించాక రక్తం ఆగింది.

జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన భయం వేరే. "క్లీనింగ్ చేపిస్తే పండ్లు వదులైతాయంట కదా నాయనా?" ఈ ప్రశ్న నేను తరచూ వింటాను. ఎముక అరిగిన పంటిని గడ్డకట్టిన గార కొన్నాళ్లు కదలకుండా పట్టి ఉంచుతుంది. గార తీస్తే అంతకుముందే జరిగిన నష్టం బయటపడుతుంది, అంతే. ఆయన బీడీలు కూడా తాగుతాడు. పొగాకు చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గిస్తుంది కాబట్టి, లోపల జబ్బు ముదిరినా రక్తం అంతగా కనబడదు. పొగతాగేవాళ్లకు ఆ ఒక్క హెచ్చరికా దక్కదు.

పులివెందుల నుంచి వచ్చిన ఒకావిడకు చాలా ఏళ్లుగా షుగర్. "అన్నీ పీకెయ్ నాయనా, కట్టుడు పండ్లు పెట్టిచ్చుకుంటా" అంది. పంటికీ చిగురుకూ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. ఆమెకు కొన్ని పండ్ల దగ్గర 6, 7 ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్లలో చీము, వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఈ సంగతి తనకు ఎవరూ చెప్పలేదంది. చిగుళ్ల లోపలిదాకా శుభ్రం చేసి, షుగర్ డాక్టరు దగ్గరికీ పంపాను. చాలా పండ్లు నిలిచాయి.

"మా తాత వేపపుల్లతోనే పండూడకుండా బతికినాడు" అనేవాళ్లూ ఉన్నారు. అది అబద్ధం కాదు. శ్రీలంక తేయాకు తోటల్లో పండ్లు తోమే అలవాటు లేని 480 మంది కార్మికులను 1970 నుంచి 15 ఏళ్లు పరిశీలిస్తే, 11 శాతం మందికి జబ్బు చిగుళ్ల వాపు దాటలేదు. 81 శాతం మందికి నెమ్మదిగా, 8 శాతం మందికి వేగంగా ముదిరింది. తాతకు దక్కిన అదృష్టం మనవడికీ దక్కుతుందని నమ్ముకుని కూర్చోవడం తప్పు.

అందుకే నా విన్నపం. తోమేటప్పుడు రక్తం కనబడితే బ్రష్ ఆపకండి, అక్కడే ఇంకా శ్రద్ధగా, మెత్తగా తోమండి. పది రోజులైనా తగ్గకపోతే దంతవైద్యుడికి చూపించండి. ఖర్చుకు వెనకాడేవాళ్లకు కడప రిమ్స్ ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పొగాకు అలవాటున్నవాళ్లు రక్తం కోసం ఎదురుచూడకుండా ఆరు నెలలకోసారి చిగుళ్లు చూపించుకోవాలి. ఒకసారి కరిగిపోయిన ఎముకను మునుపటిలా తిరిగి తేవడం చాలా కష్టం. ఉన్నదాన్ని కాపాడుకోవడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది.