మతిమరుపును తేలిగ్గా తీసుకోకండి

2009లో కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక ఇల్లాలు భర్తను వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. చేపల చెరువుల మీద గుమస్తా అతను. నలభై దాటలేదు.

"లెక్కలన్నీ నోటిమీద ఉండేవండీ డాక్టరుగారూ! ఇప్పుడు మేతబస్తాలు లెక్కపెట్టడానికే తడబడుతున్నారు. ఉల్లిపాయలకని తాడేపల్లిగూడెం పంపిస్తే, దేనికెళ్ళారో మరిచిపోయి ఉత్తచేతులతో వచ్చారు" అంది.

తాగుడు మానమని చెప్పి, బలానికి బిళ్ళలు రాసిచ్చి పంపేశాను. హెచ్.ఐ.వి. పరీక్ష మాట ఎత్తడానికి మొహమాటపడ్డాను. ఆరు నెలలకు అతను కాళ్ళీడుస్తూ వచ్చాడు. అప్పుడు చేయిస్తే జబ్బు బయటపడింది. నా మొహమాటానికి ఖరీదు అతని ఆరు నెలలు.

ఈ వైరస్ ఒంట్లో ప్రవేశించిన కొద్ది వారాలకే మెదడును చేరగలదు. అక్కడ కాపలా కణాల్లో తిష్ఠ వేస్తుంది. అవి వెలువరించే విషాలవల్ల పక్కనున్న నరాల కణాలు దెబ్బతింటాయి.

ఇందులో మరో చిత్రం ఉంది. మన కణాల్లో ఆర్.ఎన్.ఏ. అనే పదార్థం ప్రోటీన్ల తయారీకి తాఖీదులు మోస్తుంది. కాని కొన్ని బుల్లి ఆర్.ఎన్.ఏ.లు ఏ ప్రోటీనునూ తయారుచేయించవు. లాకుల దగ్గర లస్కరు పొలం దున్నడు, పంట పండించడు. ఏ కాలవకు ఎంత నీరో చూస్తాడు. ఇవీ అంతే. వీటిలో మొదటిదాన్ని 1993లో ఒక చిన్న పురుగులో కనిపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. మైక్రో ఆర్.ఎన్.ఏ.-21 అనే అలాంటి లస్కరు, ఈ మెదడు జబ్బులో నరాల కణాల్లో మితిమీరి పెరిగి, వాటికి అవసరమైన ఒక ప్రోటీనును అణచివేస్తున్నదని 2010లో అమెరికాలో సౌమ్య యలమంచిలి, హోవర్డ్ ఫాక్స్ బృందం చూపింది. ఇదింకా పరిశోధనే సుమా! దీని పేరు చెప్పి మందు అమ్మజూపితే నమ్మకండి.

నమ్మవలసిన మందు వేరే ఉంది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తున్నారు. క్రమం తప్పక వాడితే వైరస్ అణగి ఉంటుంది. మెదడు బాగా దెబ్బతినడం అరుదు. కొందరిలో కొద్దిపాటి మరపు మిగలవచ్చు.

మతిమరుపు అనగానే ఇదేనని కంగారు పడకండి. థైరాయిడ్ లోపం, బి-12 లోపం, దిగులు కూడా కారణం కావచ్చు. కాని నడివయసులో చురుకుదనం తగ్గితే, ఆ పరీక్షలతోపాటు హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించండి. మీ అంగీకారం లేనిదే పరీక్ష చేయకూడదని, ఫలితం గుప్తంగా ఉంచాలని 2017లో చట్టమే వచ్చింది.

మా గుమస్తా మళ్ళీ చెరువు మీదికి వెళ్ళాడు. ఇప్పుడు లెక్క నోటిమీద చెప్పడు; చీటీ మీద రాసుకుంటాడు. రాత్రి బిళ్ళ మాత్రం ఆ ఇల్లాలు మరిచిపోనివ్వదు.