ఫిల్ము పక్కన పెట్టి

రోగి కుర్చీలో సర్దుకోకముందే బల్ల మీదికి ఎమ్మారై కవరు వచ్చేస్తుంది. "మెడలో డిస్కు జారిందటండీ" అని వెంట వచ్చినవాళ్లు తీర్పు కూడా చెప్పేస్తారు. ఆ కవరు పక్కన పెట్టి, "అమ్మా, మీ బాధేమిటో మీరు చెప్పండి" అంటే కొందరికి నచ్చదు. వేలకు వేలు పోసి తీయించిన ఫిల్ము వంక చూడనైనా చూడడేమిటి ఈ డాక్టరు అన్నది మొహంలోనే కనిపిస్తుంది. చూస్తాను. కాకపోతే ఆఖర్న చూస్తాను. నడివయసు దాటిన ఎవరి మెడను స్కాన్ చేసినా ఒకటో రెండో డిస్కులు ఉబ్బి కనబడటం మామూలే. వాళ్లలో చాలామందికి ఏ నొప్పీ ఉండదు. ఆ ఉబ్బుకీ ఎదుట కూర్చున్న మనిషి బాధకీ సంబంధం ఉందో లేదో ఫిల్ము చెప్పలేదు.

అలా వచ్చినావిడే ఒకామె, బట్టలు కుడుతుంది. మెడకు కాలరు కట్టుకుని వచ్చింది. కుడిచెయ్యంతా తిమ్మిరెక్కుతోందని చెప్పింది.

"రాత్రిళ్లు లేస్తున్నారా?"

"రోజూ లేస్తున్నానండీ. లేచి ఇలా విదిలిస్తే గానీ తగ్గదు."

"చిటికెన వేలికి కూడా ఉందా?"

ఆమె ఒక్కో వేలూ పట్టి చూసుకుంది. "దీనికి లేదండీ," అంది, తనకే ఆశ్చర్యం వేసినట్టు. అంతవరకూ ఆ వేలి గురించి ఆమెను ఎవరూ అడగలేదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో సగం: ఈ మూడున్నర వేళ్లకూ స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. మణికట్టు దగ్గర ఇరుకైన సందులోంచి అది అరచేతిలోకి వెళుతుంది. చిటికెన వేలి నరం వేరే దారిన పోతుంది. రాత్రి నిద్ర లేపి, విదిలిస్తే సర్దుకునే తిమ్మిరి మెడలోంచి వచ్చేది కాదు, మణికట్టులో నరం నలిగితే వచ్చేది. నరాల వేగం కొలిచే పరీక్షలో అదే తేలింది. థైరాయిడ్ కూడా తక్కువగా ఉంది. ఈ బాధకు అదొక కారణం. మెడ కాలరు తీసేసి, రాత్రిపూట మణికట్టుకు పట్టీ, థైరాయిడ్ మాత్ర ఇచ్చి పంపాను.

నరాల వైద్యంలో మేం వేసుకునే ప్రశ్నలు రెండే. జబ్బు ఎక్కడుంది? ఏం జబ్బు? మొదటిదానికి ఒంటి మీది గుర్తులు జవాబిస్తాయి. రెండోదానికి జబ్బు నడిచిన వేగం జవాబిస్తుంది. క్షణాల్లో చెయ్యి పడిపోతే రక్తనాళాన్ని అనుమానిస్తాం. రోజుల్లో ముదిరితే వాపో ఇన్‌ఫెక్షనో, నెలల తరబడి పెరుగుతూ పోతే గడ్డ, ఏళ్ల మీద వస్తే కణాల క్షీణత. దీనికి మినహాయింపులు లేకపోలేదు గానీ, రోగిని "ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది" అని విసిగించేది ఇందుకే.

ఎక్కడ అన్న ప్రశ్న వదిలేసి స్కాన్ తీస్తే ఏమవుతుందో నడవలేక వచ్చిన ఒక పెద్దాయన విషయంలో చూడొచ్చు. కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. కాళ్ల బాధ కదా అని నడుముకు స్కాన్ తీశారు, అందులో వయసుకు తగ్గ అరుగుదల కనబడింది, దానికి మందులు వాడారు. ఆయన గదిలోకి వస్తుంటే పక్కనుంచి కొడుకు పిలిచాడు. ఆయన మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరిగాడు. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు. తాళంచెవితో అరికాలి అంచు వెంట గీస్తే బొటనవేలు పైకి లేచింది. 1896లో పారిస్‌లో బాబిన్‌స్కీ అనే నరాల వైద్యుడు చెప్పిన గుర్తు ఇది. పసిపిల్లల్లో సహజమే. పెద్దవాళ్లలో కనబడితే మాత్రం మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారి ఎక్కడో దెబ్బతిన్నట్టు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది, కింద ఉండేవి నరాల పాయలు మాత్రమే. వేలు పైకి లేచిందంటే జబ్బు నడుము కింది భాగంలో లేదు, ఇంకా పైన ఉంది.

"ఏ ఊరు పెద్దాయనా?" అన్నాను. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. చిన్నప్పట్నుంచీ బోరు నీళ్లే. మెడకు ఎమ్మారై తీయిస్తే ఎముకలూ, వాటిని కట్టిపడేసే బంధనాలూ ఫ్లోరైడ్‌తో గట్టిపడి వెన్నుపామును నొక్కేస్తున్నాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్య పత్రికలో రాశారు. అంత పాత జబ్బును, అదీ మన నేల మీది జబ్బును, పళ్లు చూసి గుర్తుపట్టకపోవడం నాకు మింగుడుపడదు.

స్కానులో అసలేమీ కనబడని జబ్బులు ఇంకో రకం. వానాకాలంలో ఒక కుర్రాడిని అంబులెన్సులో తెచ్చారు. పొలం పనికి వెళ్లి పాకలో నేల మీద పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. ఊళ్లో గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేశారు. పొద్దెక్కేసరికి కనురెప్పలు వాలిపోయాయి. తర్వాత మాట ముక్కుతో వచ్చింది, గుటక పడలేదు, ఊపిరి అందలేదు. దారిలో ఒక ఆసుపత్రిలో గొట్టం వేసి, తలకు సీటీ తీశారు. సీటీ శుభ్రంగా ఉంది. మా దగ్గరికి చేరేటప్పటికి కాలూ చెయ్యీ కదలడం లేదు, కంటిపాపలు పెద్దవై లైటుకు చలించడం లేదు. మెదడు పని చేయడం లేదని అప్పటికే ఎవరో చెప్పేశారట, బంధువులు ఏడుస్తూ వచ్చారు.

జబ్బు నడిచిన వరస మాత్రం వేరే చెబుతోంది. ముందు రెప్పలు, తర్వాత గొంతు, తర్వాత ఊపిరి, ఆఖరికి కాళ్లూ చేతులూ. పైనుంచి కిందికి దిగిన పక్షవాతం. జ్వరం లేదు. రాత్రి నేల మీద పడక. తెల్లవారుజామున కడుపునొప్పి. ఈ నాలుగూ కలిస్తే మన ప్రాంతంలో ముందు అనుమానించాల్సింది కట్లపామును. "కాటే లేదండీ, ఒళ్లంతా వెతికాం" అన్నాడు తండ్రి. కట్లపాము కోరలు చిన్నవి. వాపు రాదు, పెద్దగా నొప్పి ఉండదు, నిద్రలో కరిస్తే మెలకువ కూడా రాకపోవచ్చు. దాని విషం మెదడు జోలికి పోదు, నరం కండరాన్ని తాకే చోట నరం కొసను దెబ్బతీస్తుంది. అందుకే సీటీ శుభ్రంగా ఉంది. కంటిపాప చలించకపోయినా లోపల మనిషి మెలకువగానే ఉండొచ్చు.

పాము మందు ఇచ్చాం, వెంటిలేటర్ మీద ఉంచాం. మంచం దగ్గర ఎవరూ అపశకునం మాటలు మాట్లాడొద్దని, పేరు పెట్టి పిలుస్తూ పలకరించమని నర్సులకు చెప్పాను. నాగుపాము విషానికి నియోస్టిగ్మిన్ అనే మందు బాగా పనిచేస్తుంది, కట్లపాముకు అంతగా చేయదు. దెబ్బతిన్న నరం కొస మళ్లీ పెరగాలి, దానికి రోజులు పడతాయి. అలాగే కొన్ని రోజులకు కాలి వేలు కదిలింది. గొంతు వచ్చాక ఆ కుర్రాడు మొట్టమొదట విరుచుకుపడింది, గొట్టం తీసేయమని చెప్పిన మేనమామ మీద. అన్నీ వినబడ్డాయట.

నరం, కండరం కలిసే ఇదే కూడలిలో పాముతో పని లేకుండా వచ్చే జబ్బు మయస్థీనియా. పొద్దున బాగుండే రెప్ప సాయంత్రానికి వాలిపోతుంది. వాలిన రెప్ప మీద కాసేపు ఐసు ముక్క పెడితే లేస్తుంది! దీనికి పనిచేసే మందు మొదటిసారి కనిపెట్టిన మేరీ వాకర్ 1934లో లండన్‌లో ఒక మామూలు ఆసుపత్రి డాక్టరు. ఈ రోగుల నీరసానికీ కురారే విషానికీ పోలిక గమనించి, ఆ విషానికి విరుగుడుగా వాడే మందునే ఇచ్చి చూసింది. పార్కిన్‌సన్ జబ్బుకు పేరిచ్చిన డాక్టరు పార్కిన్‌సన్ సంగతీ అంతే, ఆయనా కళ్లతో చూసే జబ్బును పట్టుకున్నాడు. 1817లో ఆయన రాసిన వ్యాసంలో ఉన్నది ఆరుగురు రోగులు. అందులో కొందరు వీధిలో కనబడినవాళ్లే. చెయ్యి వణుకు వచ్చేదాకా ఆగకుండా, నడకలో ఒక చెయ్యి ఊగడం లేదని, బ్యాంకులో సంతకం చిన్నదై కలవడం లేదని, భుజం పట్టేసిందని వచ్చినప్పుడే ఈ జబ్బును పట్టుకోవచ్చు.

గుర్తు కంటిలోనే ఉండిపోయిన కేసు ఒకటి చెప్పాలి. పదో తరగతి పిల్లవాడు. దస్తూరి పాడైంది, మార్కులు పడిపోయాయి, చొంగ కారుతోంది, ఊరికే కోపం, ఊరికే నవ్వు. ఇంట్లో కొన్నాళ్లు గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు. తర్వాత మానసిక జబ్బని మందులు వాడారు. చేతులు చాపమంటే రెక్కలు కొట్టుకున్నట్టు వణికాయి. "మీది మేనరికమా అమ్మా?" అని తల్లిని అడిగాను. సొంత మేనమామనే చేసుకుందట. కంటి డాక్టరు స్లిట్ ల్యాంపులో చూస్తే నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు వలయం. ఒంట్లో రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో, కంట్లో పేరుకుపోయే విల్సన్ జబ్బు ఇది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వస్తుంది. మేనరికాలు ఎక్కువున్న మన దగ్గర దీన్ని మరిచిపోకూడదు. పిల్లవాడి దస్తూరి పూర్తిగా బాగుపడలేదు గానీ కాలేజీకి వెళ్లాడు. బుద్ధిగా ఉన్న చెల్లెలికీ రక్తపరీక్ష చేయించమన్నాను. తల్లి బెదిరిపోయింది, "దానికేం లేదు కదండీ" అంది. ఉంది. ఒక్క లక్షణమూ రాకముందే ఆ అమ్మాయికి మందు మొదలైంది. జీవితాంతం వాడుకోవాలి, అంతే.

ఇంతా చెప్పి స్కానింగును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వెతకాల్సిన చోటు తెలిశాక దాన్ని మించిన సాక్ష్యం లేదు. ఆ చోటు మాకు తెలియాలంటే మీరు చేయగలిగింది కొంత ఉంది. ఫిట్స్ వచ్చిన మనిషికి తనకేమైందో తెలియదు, చూసినవాళ్లకే తెలుసు. మా దగ్గరికి మాత్రం చూసిన భార్య ఇంట్లోనే ఉండిపోతుంది, ఆ సమయానికి ఊళ్లోనే లేని బావమరిది తోడుగా వస్తాడు! చూసినవాళ్లనే తీసుకురండి. కుదిరితే ఫోనులో వీడియో తీయండి. నా పరీక్షలన్నిటికంటే అరనిమిషం వీడియో ఎక్కువ చెప్పిన సందర్భాలున్నాయి. వాడుతున్న మందుల చీటీలన్నీ తెండి, నాటు మందుతో సహా. దాచకండి, తిట్టను.

ఒక్కచోట మాత్రం ఈ నిదానమేదీ పనికిరాదు. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నాటు వైద్యం కోసం ఊళ్లు తిరగకుండా సీటీ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. అక్కడ ముందు తీయాల్సింది స్కానే. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మంచిది. మనిషి చివరిసారిగా బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని చెప్పండి. లెక్క అక్కణ్నుంచే మొదలవుతుంది.