ఊరందరి మైదానం

పిల్లలూ! మన బిళ్ళంగోడులాగే కర్రతో కొట్టే ఆట గోల్ఫు. చిన్న బంతిని కొట్టి, దూరాన ఉన్న గుంటలో పడవేయాలి. స్కాట్లండులో సముద్రపుటొడ్డున సెంట్ ఆండ్రూస్ అనే ఊరున్నది. అక్కడి ‘ఓల్డు కోర్సు’ ఈ ఆటకు పుట్టిల్లు వంటిది.

ఆ ఇసుకనేలలో గోల్ఫు ఆడుకునే హక్కు ఊరివాళ్ళకు ఉన్నదని 1552లోనే ఆర్చిబిషప్పు పత్రం వ్రాసి ఇచ్చాడు. అయినా 1797లో ఊరు అప్పులపాలై, ఆ నేల చేయి జారింది. తరువాత అది కుందేళ్ళ వ్యాపారుల పాలయింది! కుందేళ్ళు ఊరుకుంటాయా? నేలంతా బొరియలు తవ్వాయి. ఆటగాళ్ళకూ వ్యాపారులకూ ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. చివరకు 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి ఆ నేలను కొని, ఆటను నిలబెట్టాడు.

అలా నిలిచిన మైదానంలో 1873లో మొదటిసారి ‘ఓపెన్’ పోటీ జరిగింది. 1921 పోటీలో బాబీ జోన్స్ అనే అమెరికా యువకుడు ఇసుకగుంటలో చిక్కుకుని, విసిగి, ఆట మధ్యలోనే మానుకున్నాడు. 1927లో మళ్ళీ వచ్చి, అక్కడే గెలిచాడు! 2022లో 150వ ఓపెన్ కూడా ఇక్కడే జరిగింది.

మామూలు ఆదివారాలలో ఇక్కడ ఆట ఉండదు. మహావీరులు పోరాడిన ఆ పచ్చికమీద ఊళ్ళోవాళ్ళు పిల్లలతో షికారు చేస్తారు. నేల అందరిదీ కదా!