ద్వేషం అక్కరలేని వివక్ష

2020 మే 25న అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడమీద ఒక తెల్ల పోలీసు 9 నిమిషాలకు పైగా మోకాలు పెట్టి నొక్కి ఉంచాడు. మనిషి చచ్చిపోయాడు. అతని మీద వచ్చిన ఫిర్యాదల్లా ఒక దుకాణంలో 20 డాలర్ల దొంగనోటు ఇచ్చాడేమోనని.

కరోనా మూలంగా కాలేజీలు మూసి ఉన్న రోజులవి. మా లెక్చరర్లం కొందరం ఫోన్లలోనే వాదించుకునేవాళ్ళం. మా చరిత్ర లెక్చరరు నాకన్న పెద్దవాడు, మంచివాడు. ఆయన అన్నాడు: “ఒక దుర్మార్గుడు దుర్మార్గం చేశాడు. వాణ్ణి శిక్షిస్తారు. దానికి సమాజాన్నంతా, పోలీసు వ్యవస్థనంతా ఎందుకయ్యా తిట్టటం?” నేను ఆయనతో గట్టిగా వాదించాను. గెలిచాననే అనుకున్నాను. నేను గెలిచిన వాదం నాకే సరిగా అర్థం కాలేదని తెలియటానికి రెండేళ్ళు పట్టింది. ఆ సంగతి చెప్పటానికే ఈ వ్యాసం. అయితే ముందు వాదం సంగతి చూద్దాం.

2021 ఏప్రిల్‌లో ఆ పోలీసు హంతకుడని జ్యూరీ తేల్చింది. మా మిత్రుడు చెప్పినట్టే జరిగిందన్నమాట. కాని ఫ్లాయిడ్ చనిపోయిన తరవాత ఆ నగర పోలీసుశాఖ మొట్టమొదట చేసిన ప్రకటన ఏమిటి? అనుమానితుడు అరెస్టు సమయంలో అస్వస్థుడై ఆసుపత్రిలో మరణించాడని. అందులో మోకాలి ప్రసక్తే లేదు. దారినపోయే పదిహేడేళ్ళ అమ్మాయి ఫోనులో ఆ దృశ్యాన్ని పట్టి ఉండకపోతే ఆ ప్రకటనే చరిత్ర అయిపోయేది. మోకాలు పెట్టినవాడు ఒకడు. ఆ ప్రకటన రాసినవాడూ, దాన్ని పైకి పంపినవాడూ వేరు. వాళ్ళకు ఫ్లాయిడ్ మీద ద్వేషం ఉండి ఉండాలా? అక్కరలేదు. అలవాటు ఉంటే చాలు.

మిసోరీ రాష్ట్రంలో ఫెర్గుసన్ అని ఒక చిన్న పట్నం ఉంది. 2014 ఆగస్టు 9న అక్కడ మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ళ నల్లజాతి కుర్రవాణ్ణి ఒక తెల్ల పోలీసు కాల్చి చంపాడు. ఊరు అట్టుడికిపోయింది. 2015 మార్చి 4న అమెరికా ప్రభుత్వ న్యాయశాఖ రెండు నివేదికలు ఒకేసారి వెలువరించింది. ఆ పోలీసు మీద కేసు నడపటానికి తగిన ఆధారాలు లేవన్నది మొదటిది. ఆ పట్నపు పోలీసుశాఖా, కోర్టూ కలిసి నల్లవారి హక్కులను మామూలుగా కాలరాస్తూ వస్తున్నాయన్నది రెండోది. ఆ రెంటినీ కలిపి చదవటం అందరికీ మంచిది. వ్యక్తి మీద నేరం రుజువు కాకపోయినా వ్యవస్థ మీద రుజువు కావచ్చునని ఒకే ప్రభుత్వశాఖ ఒకే రోజున ఒప్పుకున్నది.

ఆ రెండో నివేదికలోని అంకెలు చూడండి. 2012 నుంచి 2014 వరకు ఫెర్గుసన్ జనాభాలో నల్లవారు నూటికి 67 మంది. పోలీసులు ఆపిన వాహనాల్లో వారివి 85. జరిమానా చీట్లు రాసింది వారిమీద 90. అరెస్టుల్లో వారు 93. అక్కడ “రోడ్డు మీద నడిచిన తీరు” అని ఒక నేరం కూడా ఉండేది. ఆ నేరం మోపబడినవారిలో నూటికి 95 మంది నల్లవారు!

“వాళ్ళు నేరాలు ఎక్కువ చేస్తారు గనక ఎక్కువ పట్టుబడతారు” అనేవారున్నారు. ఇది పనికిమాలిన ప్రశ్న కాదు, సమాధానం చెప్పవలసిందే. ఆపిన వాహనాల్లో నల్లవారిని సోదా చెయ్యటం తెల్లవారిని చేసినదానికి రెండింతలకు పైగా ఉన్నది. కాని సోదాలో నిషిద్ధ వస్తువులు దొరకటం నల్లవారి దగ్గర నూటికి 26 వంతులు తక్కువ. పోలీసులు నేరాన్ని వెతుక్కుంటూ పోయి ఉంటే అది ఎక్కువగా దొరికే చోట ఎక్కువగా వెతకాలి. వాళ్ళు వెతుకుతున్నది నేరాన్ని కాదని పోలీసుల లెక్కలే చెపుతున్నాయి.

మరి దేన్ని వెతుకుతున్నారు? డబ్బును. ఆ పట్నం బడ్జెట్టుకు అప్పట్లో జరిమానాలు ముఖ్యమైన రాబడి. రాబడి పెంచమని ఆర్థికాధికారి పోలీసు అధిపతికి రాసేవాడు. జరిమానా కట్టలేనివాడు కోర్టుకు రాడు. రాకపోతే వారంటు. వారంటు మీద మళ్ళీ జరిమానా. 21 వేల జనాభా గల ఊళ్ళో, 2014 డిసెంబరు నాటికి, పొరుగూళ్ళవారిని కలుపుకుని, 16 వేలమందికి పైగా మనుషుల మీద ఆ కోర్టు వారంట్లు ఉన్నాయి. లాయరును పెట్టుకోలేనివాడు, మేయరుతో పరిచయం లేనివాడు ఎవడో వాడి దగ్గరే వసూలు సులభం. అమెరికాలో వాడి రంగు ఏమిటో నిర్ణయించటానికి మూడు వందల ఏళ్ళ చరిత్ర ముందే సిద్ధంగా ఉన్నది. వర్గమూ, వర్ణమూ అక్కడ ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి.

చట్టంలో రంగు పేరు ఎత్తనక్కర కూడా లేదు. 1986లో అమెరికా చేసిన మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పొడి కొకెయిన్ 500 గ్రాములు అమ్మినవాడికి ఎంత శిక్షో, గడ్డకట్టించిన కొకెయిన్, అంటే క్రాక్, 5 గ్రాములు అమ్మినవాడికీ అంతే శిక్ష: తక్కువలో తక్కువ అయిదేళ్ళ జైలు. సరుకు ఒకటే. ఆ శిక్ష అనుభవించినవారిలో అత్యధికులు నల్లవారు. 2010లో ఆ నూరింతల తేడాను పద్ధెనిమిదింతలకు తగ్గించారు. తేడా అన్యాయమని తెలిసిన తరవాత కూడా పద్ధెనిమిదింతలు ఎందుకు మిగిలిందో న్యాయశాస్త్రం చెప్పలేదు. అది రాజకీయ బేరం.

“సరే, పోలీసుల్లో నల్లవాళ్ళను చేర్చుకుంటే సరిపోతుందిగదా” అని ఇంకొక మాట ఉన్నది. చేర్చుకోవలసిందే. కాని 2023 జనవరిలో మెంఫిస్ నగరంలో టైర్ నికల్స్ అనే నల్లజాతి యువకుణ్ణి చావగొట్టిన కేసులో అభియోగాలు మోపబడిన అయిదుగురు పోలీసులూ నల్లవారే. పనిముట్టు అదే అయినప్పుడు దాన్ని పట్టుకున్న చెయ్యి రంగు మారినంత మాత్రాన అది కోసేది మారదు.

ఇక బ్రిటన్. 1993 ఏప్రిల్ 22న లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే 18 ఏళ్ళ నల్లజాతి విద్యార్థి బస్సుకోసం నిలబడి ఉండగా తెల్ల కుర్రాళ్ళు పొడిచి చంపారు. హంతకుల పేర్లు ఒకటి రెండు రోజుల్లోనే పోలీసులకు అందాయి. అరెస్టులు మొదలుకావటానికి రెండు వారాలు పట్టింది. చనిపోయినవాడి పక్కనే ఉండి ప్రాణాలతో బయటపడిన స్నేహితుణ్ణి పోలీసులు బాధితుడుగా గాక అనుమానితుడుగా చూశారు. ఇద్దరికి శిక్ష పడేసరికి 2012 వచ్చింది. ఈ దర్యాప్తు మీద విచారణ జరిపిన మాక్‌ఫర్సన్ అనే విశ్రాంత న్యాయమూర్తి 1999లో ఇచ్చిన నివేదికలో లండన్ పోలీసుశాఖలో సంస్థాగతమైన జాతివివక్ష ఉన్నదన్నాడు. తెలియకుండా చూపే పక్షపాతం, అజ్ఞానం, ఆలోచన లేకపోవటం, మనుషుల గురించి మూసపోసిన అభిప్రాయాలు—వీటి మూలంగా ఒక సంస్థ కొందరికి తగిన సేవ చెయ్యలేకపోతే అదే సంస్థాగత వివక్ష అని ఆయన నిర్వచనం తాత్పర్యం. 2023లో లూయీజ్ కేసీ అనే ఆవిడ విచారణ చేసి అదే పోలీసుశాఖ గురించి మళ్ళీ అదే మాట చెప్పింది. పోలీసు అధిపతి ఆవిడ బయటపెట్టిన విషయాలన్నీ ఒప్పుకుని, “సంస్థాగత” అనే మాట ఒక్కటి మాత్రం తాను వాడనన్నాడు. విషయం ఒప్పుకుని మాటను ఒప్పుకోకపోవటంలో రహస్యం లేదు. మాట ఒప్పుకుంటే నలుగురిని బర్తరఫ్ చేసి ఊరుకోవటానికి వీలుండదు.

“తెలియకుండా” అన్న ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకో చెపుతాను.

2022లో మా కాలేజీ హాస్టలుకు నేను వార్డెన్‌ను. ఒక ఆదివారం సాయంత్రం మెస్సు సెక్రెటరీ పెట్టెలో ఉండవలసిన 12,000 రూపాయలు కనిపించలేదు. పోలీసు హెడ్డు వచ్చి, ఎవరిమీదన్నా అనుమానమున్నదా అని నన్నడిగాడు. లేదన్నాను, నిజంగానే లేదు. “పోనీ, ఇవాళ ఊళ్ళకు పోకుండా హాస్టల్లో ఉన్నవాళ్ళ పేర్లూ, ఊళ్ళూ రాసివ్వండి సార్” అన్నాడు. తొమ్మిది పేర్లు రాశాను. మొదట రాసిన పేరు బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక కుర్రవాడిది. రోల్ నంబరు ప్రకారం గాని, గది నంబరు ప్రకారం గాని, అక్షరక్రమం ప్రకారం గాని అతను మొదటివాడు కాడు. ఆ పేరు పక్కన నేను రాసిన ఊరు స్టువర్టుపురం. హెడ్డు మిగతా ఎనిమిది పేర్లూ చదవలేదు.

స్టువర్టుపురం కథ తెలిసిందే. ఇదే బ్రిటన్ 1871లో మన దేశంలో నేరస్థ తెగల చట్టం చేసింది. కొన్ని తెగల్లో పుట్టటమే నేరమని దాని సారాంశం. 1911లో అది మద్రాసు రాజధానికి వచ్చింది. తరవాత కొద్ది ఏళ్ళకే ఎరుకలవారిని తీసుకొచ్చి ఇప్పటి బాపట్ల జిల్లాలో ఆ సెటిల్‌మెంటు పెట్టారు. పేర్లు నమోదు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఆ తెగలు విముక్త జాతులైనాయి. కాని చట్టం పోయినంత తేలికగా పోలీసుస్టేషన్ల అలవాటు పోలేదు. అలవాటుపడిన నేరస్థుల చట్టాలని వేరే చట్టాలు వచ్చాయి. జైళ్ళలో కులాన్నిబట్టి పని అప్పగించే నియమాలను సుప్రీంకోర్టు కొట్టివెయ్యటానికి 2024 అక్టోబరు 3 దాకా పట్టింది. విముక్త జాతులవారిని పుట్టు నేరస్థులుగా చూడటాన్నీ ఆ తీర్పు తప్పుపట్టింది.

కులమూ, జాతీ ఒకటి కావు, నాకు తెలుసు. అయితే 1946లో అంబేద్కర్ అమెరికాలోని డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమన్నాడు. రెండు చోట్లా పుట్టుకను పట్టికలో ఎక్కించే ప్రభుత్వమే ఉన్నదని ఆయనకు తెలుసు.

మరి నా చేత ఆ పేరు మొదట రాయించింది ఎవరు? ఆ కుర్రవాడంటే నాకు ఇష్టం. క్లాసులో పద్యం అన్వయం చెప్పమంటే ముందుగా లేచేది అతనే. ద్వేషం కోసం నాలో ఎంత వెతుక్కున్నా కనిపించలేదు. కనిపించినవి: చిన్నప్పుడు అల్లరి చేస్తే మా అమ్మ “స్టువర్టుపురం దొంగవెధవా” అని తిట్టటం, ఆ ఊరి పేరు పెట్టి తీసిన సినిమా, స్టాఫ్‌రూములో ఆ కుర్రవాడు హాస్టల్లో చేరిన రోజున ఎవరో వేసిన పరాచికమూ, దానికి నేను నవ్వటమూ.

అతన్ని పొద్దున తీసుకెళ్ళి రాత్రి పదింటికి వదిలారు. కొట్టలేదన్నాడు. నేను అడిగాను గనక అన్నాడు, నిజమో కాదో నాకు తెలియదు. వారం రోజులకు కూరగాయల వర్తకుడు బిల్లు పట్టుకొచ్చాడు. మెస్సు సెక్రెటరీ ఆ డబ్బు అతనికి బాకీ కింద ఇచ్చి, పుస్తకంలో రాయటం మరిచిపోయాడు. దొంగతనమే జరగలేదు! నేను స్టేషనుకు పోయి హెడ్డును నిలదీశాను. ఆయన విసుక్కోలేదు. “మీరు మొదట రాసిన పేరే కదా సార్ తీసుకెళ్ళాం” అన్నాడు. అది నిజం.

కుర్రవాడికి క్షమాపణ చెప్పుకున్నాను. “మీరు చెడ్డవారైతే నాకింత బాధ లేకపోను సార్. మీరు రాశారు గనకే వాళ్ళు నమ్మారు” అన్నాడు. ఆ నెలాఖరుకు హాస్టలు ఖాళీ చేసి, రైల్లో వచ్చిపోతూ చదువు పూర్తిచేశాడు. మళ్ళీ నా క్లాసులో తనంతట తాను లేచి పద్యం చెప్పలేదు.

2020లో నేను వాదించినప్పుడు వ్యవస్థ అంటే ఎక్కడో మినియాపోలిస్‌లో ఉన్నదనుకున్నాను. వివక్ష వ్యవస్థలో ఉన్నదనే మాటను మనలో చాలామందిమి, “కాబట్టి నాలో లేదు” అనే అర్థంలో వాడుకుంటున్నాం. మా చరిత్ర లెక్చరరు తప్పంతా ఒక పోలీసు మీద పెట్టాడు, నేను వ్యవస్థ మీద పెట్టాను. ఇద్దరమూ సుఖంగా నిద్రపోయాం. వ్యవస్థ అంటే చట్టాలు, రికార్డులు, రాబడులు. వాటిల్లో ఖాళీలు పూర్తిచేసే నాబోటి మర్యాదస్థులు కూడా. ద్వేషమే ఆధారమైతే ఆ యంత్రం ఇన్నేళ్ళు నడిచేది కాదు. మనుషులకు రోజూ ద్వేషించే ఓపిక ఉండదు.

అందుకే మనసులు మార్చుకోమనే ఉపదేశం చాలదు. జరిమానాల మీద బతికే బడ్జెట్టు మారాలి. ఒకే సరుకుకు రెండు శిక్షలు వేసే చట్టం మారాలి. పోలీసు మీద విచారణ పోలీసు చేతిలో ఉండకూడదు. పుట్టుకను నేరానికి ఆధారం చేసే ప్రతి రిజిస్టరునూ మూసెయ్యాలి. ఇవన్నీ ఉద్యమాలు పెట్టుకోవలసిన కోర్కెలు. ఫెర్గుసన్ నివేదిక గాని, లండన్ నివేదిక గాని జనం వీధుల్లోకి రాకపోతే వచ్చేవి కావు.

నాకు చేతనైన చిన్న పని ఒకటి చేశాను. మా హాస్టలు రిజిస్టరు అక్షరక్రమంలో తిరగరాయించాను. పోలీసులకు జాబితా ఇవ్వవలసివస్తే ఊరి పేరు ఇవ్వకూడదనీ, ఏ విద్యార్థినైనా స్టేషనుకు పిలిస్తే వార్డెన్ కూడా వెళ్ళి, వదిలేదాకా అక్కడే ఉండాలనీ కమిటీ చేత తీర్మానం చేయించాను. తీర్మానం పెట్టిన రోజున మా చరిత్ర లెక్చరరు, “ఇదంతా అవసరమా?” అన్నాడు. ఈసారి నేను వాదించలేదు. ఆ తొమ్మిది పేర్ల కాగితం నకలు నా దగ్గర ఉంటే ఆయన చేతికిచ్చాను.