నేల మీద చుక్క పడకుండా

యంత్రాన్ని నమ్ముకుని ఎదిగిన ఊళ్లలో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఒకటి. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే వారి నాగపూర్–అసన్‌సోల్ మార్గం ఈ ఊరి మీదుగా పూర్తయింది; 1902లో తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగం కూడా ఆ సంస్థలోనే కలవడంతో ఉత్తరాంధ్రకూ ఈ ఊరికీ రైల్వే బంధం ఏర్పడింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన ఈ పట్టణంలో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు పానా, జాకీ కొత్త కావు కనుక, కారు ఇంజిన్ ఆయిల్‌ను ఇంటి ముంగిట మార్చుకోవడం వారికి కష్టమైన పని కాదు. అయితే ఆ పనిలో నేర్పు బోల్టు విప్పడంలో కన్నా, నూనె ఎటు పారుతుందో ముందే గ్రహించి దానికి దారి ఏర్పరచడంలో ఉంది.

ఇంజిన్ ఆయిల్ లోహభాగాల మధ్య పొరగా నిలిచి రాపిడిని తగ్గిస్తూ, మసిని తనలో కలుపుకొంటుంది. అందుకే అది నల్లబడుతుంది. డబ్బా మీది 5డబ్ల్యు-30 అనే గుర్తులో మొదటి అంకె చలిలో నూనె పారే తీరునూ, రెండవది 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్నీ తెలుపుతాయి. ఛత్తీస్‌గఢ్ ఎండలకు భయపడి తోచినంత చిక్కని నూనె పోయక, తయారీదారు పుస్తకంలో చెప్పిన రకాన్నే వాడాలి.

గోరువెచ్చని నూనె తేలికగా దిగుతుంది కనుక ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ ఒక్కదానినే నమ్మక బండిని స్టాండ్ల మీద నిలపాలి. కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా, దానిపై అట్టలు పరిచి, వెడల్పాటి బేసిన్‌ను బోల్టుకు కాస్త ముందుకు జరిపి పెట్టాలి. ఎందుకంటే నూనె మొదట ధారగా దూరంగా చిమ్మి, క్రమంగా దగ్గరకు వస్తుంది. బోల్టు చివరి మరలు తిప్పేటప్పుడు దానిని పైకి అదిమి పట్టి, ఒక్కసారిగా పక్కకు తీస్తే చెయ్యి తడవదు. ఫిల్టర్ విప్పే ముందు దానికి ప్లాస్టిక్ సంచి తొడిగితే అందులోని నూనె సంచిలోనే ఉండిపోతుంది. పాత రబ్బరు వలయం ఇంజిన్‌కు అతుక్కుని లేదని చూసుకుని, కొత్త ఫిల్టర్ వలయానికి నూనె రాసి అమర్చి, బోల్టుకు కొత్త వాషర్ వేసి బిగించి, బండిని కిందికి దించాక, గరాటుతో కొంత తక్కువగానే పోసి, డిప్‌స్టిక్ చూస్తూ సరిపెట్టాలి.

దీనితో పని పూర్తి కాదు. ఒక గ్యాలన్ వాడిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మురుగుకాలువలో పోసినది చివరికి ఊరి మీదుగా పారే అర్పా నదికే చేరవచ్చు. ముంగిలి శుభ్రంగా ఉంచుకుని ఏటిని మలినం చేయడం శుభ్రత అనిపించుకోదు. కనుక పాత నూనెను మూత బిగించిన డబ్బాలో పోసి, నీరు కలపకుండా, వాడిన నూనె తీసుకునే సర్వీసు కేంద్రానికో, అనుమతి పొందిన శుద్ధి కేంద్రానికో అప్పగించడం ప్రతి బండి యజమాని బాధ్యత.